నడిచే కొండ

ఫిబ్రవరి 11

కొండ పొగ కక్కుతోందని ఊరంతా ఖాళీ చేయించారు. కింద బడి హాల్లో పడుకోవడానికి చోటు దొరికింది. కూర్చోవడానికి మాత్రం దొరకడం లేదు. నాన్నకి కిటికీ కింద పక్క వేశాం. వదిన గోడవారన. నేనూ అన్నా అందరూ నడిచే దారిలో. ఎవరు బయటికి వెళ్ళాలన్నా మా కాళ్ళ మీదుగానే.

ఊళ్ళోవాళ్ళంతా తలుపులు తెచ్చుకున్నారు. టీచరమ్మకి తల తిరిగిపోయింది.

"మంచం తెచ్చుకున్నారంటే అర్థముంది. తలుపులెందుకండీ?" అంది.

నాన్న చెప్పాడు. "మా ఊరి తలుపులు మేకు లాగితే చేతికొస్తాయమ్మా. అలాగే చేయించుకుంటాం. కొండ నడిచి వచ్చినప్పుడు గోడలు ఎలాగూ పోతాయి. తలుపు తీసుకెళ్తే దాని చుట్టూ మళ్ళీ ఇల్లు కట్టుకోవచ్చు. నా చిన్నప్పుడు మా నాన్న వీపుకి కట్టుకుని మోశాడు. నేను వెనక చెయ్యి పట్టాను. కొండ మా వెనకాల నడుస్తూనే ఉంది. మేస్తూ వచ్చే గేదె ఎంత వేగమో అంత వేగం. మధ్యలో ఆగి మంచినీళ్ళు కూడా తాగాం."

సాయంత్రానికి టీచరమ్మే ఆ తలుపుల్ని బెంచీలకి ఆనించి నిలబెట్టించింది, ఇంటికొకటి అడ్డంగా. ఇప్పుడు హాలంతా తలుపులే, గోడలు లేవు. పక్కింటాయన వచ్చి మా తలుపు కొట్టాడు. తలుపు పక్కనుంచి మనిషి మొత్తం కనిపిస్తున్నాడు. అన్న "ఇంట్లో ఎవరూ లేరు, రేపు రండి" అన్నాడు. చాలాసేపు నవ్వుకున్నాం. వదిన కూడా.

ఫిబ్రవరి 13

మనుషుల్ని దింపారు కానీ పశువుల్ని దింపలేదు. వాటికి వేరే లారీలు వస్తాయట. వచ్చేదాకా పొద్దున వెళ్ళి పాలు తీసి, మేత వేసి, మధ్యాహ్నంలోపు దిగి రావాలని పైఅధికారులు ఒప్పుకున్నారు. గడ్డి మీద బూడిద పడింది కాబట్టి మేత కిందనుంచే మోసుకెళ్ళాలి. మోయడానికి ఊరంతటికీ ఉన్నది నా పాల వ్యాను ఒక్కటే.

వెళ్ళేటప్పుడు మేత, మనుషులు. వచ్చేటప్పుడు పాల క్యాన్లు, మనుషులు. అన్న ముందు సీట్లో నా పక్కన. మిగతావాళ్ళు వెనక మేత మీద.

అద్దం మీద బూడిద పడితే వైపర్ వెయ్యకూడదు. ఒక్కసారి వేశాను, అద్దం నిండా గీతలు. నీళ్ళు పోసి కడగాలి. గాలి ఫిల్టరు తీసి రోజూ దులపాలి. బూడిద అంటారు కానీ అది పొయ్యిలో బూడిద లాంటిది కాదు. పళ్ళ మధ్య పడితే గాజు నమిలినట్టు ఉంటుంది.

ఫిబ్రవరి 16

పొద్దున వ్యాను దగ్గర జనం. మా అల్మరాలో ఫోటో ఉంది తేవా బాబూ. మా అత్త కళ్ళజోడు గూట్లో ఉంది తేవా. కుట్టుమిషను తేగలవా, పోనీ దాని తలకాయైనా. అన్న అన్నాడు, "ఎన్నికల్లో నిలబడరా, ఇప్పుడైతే గెలుస్తావు."

కళ్ళజోడు తెచ్చాను. ముసలావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఫిబ్రవరి 19

కొండ డాక్టరు హాలుకి వచ్చాడు. పేరు ఊళ్ళోవాళ్ళు పెట్టిందే. కొండకి అక్కడక్కడా పెట్టెలు పాతి, తీగలు లాగి, దాని నాడి చూస్తుంటాడు. కొండ దారికి అడ్డంగా పెట్టిన గేటు దగ్గర గుడారం వేసుకుని అందులోనే ఉంటాడు. మనిషి సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడు. రోగి కంటే డాక్టరే ముందు పోయేలా ఉన్నాడని పక్కింటాయన అంటాడు.

హాలు గోడకి పిల్లల పటం ఒకటి ఉంది, మూడు కొండల బొమ్మలు. దాన్ని చూపించి చెప్పాడు.

సముద్రం అడుగున ఉన్న నేల మన నేల కిందికి దూరుతుందట. గోరు పెరిగినంత మెల్లగా. వెళ్తూ వెళ్తూ తడి తీసుకుపోతుంది. లోపలి రాయి ఎంత వేడిగా ఉన్నా ఊరికే కరగదు, తడి తగిలితే కరుగుతుంది. కరిగింది తేలిక కాబట్టి పైకి వస్తుంది. వచ్చి ఒక గుంటలో చేరుతుంది. గుంట నిండితే దారి వెతుక్కుంటుంది.

"అయితే మన కింద అంత తడి ఉందన్నమాట," అన్నాడు అన్న. "మా బావిలో నీళ్ళెందుకు పడలేదో అడగండి."

అందరూ నవ్వారు. డాక్టరు కూడా నవ్వి దగ్గాడు. తర్వాత బొమ్మలు చూపించాడు. మొదటిది బోర్లించిన పళ్ళెంలా ఉంది. పల్చటి రాయి పారి పారి పరుచుకుంటే అలా అవుతుందట. అలాంటి కొండ ముందు మనిషి నడిచి తప్పించుకోవచ్చు. రెండోది చిన్నది, కళ్ళంలో పొట్టు పోసినట్టు. నోట్లోంచి ఎగిరిన రవ్వలు చుట్టూ పడి పోగైంది. మూడోది ఎత్తుగా, నిటారుగా ఉంది. కోసి చూపించారు. బూడిద ఒక వరస, రాయి ఒక వరస, మళ్ళీ బూడిద.

నాన్న "మనది మొదటిది" అన్నాడు.

"మీ చిన్నప్పుడు నడిచింది పక్కనున్న పిల్లకొండ అండీ. అది రెండోరకం. దాని పాదం పగిలి పల్చటిది పారింది. ఇప్పుడు లేచింది తల్లికొండ. అది మూడోది. దాని లోపల ఉన్నది చిక్కటిది." ఆయన చుట్టూ చూసి వదినని అడిగాడు. "అమ్మా, పల్చటి గంజి ఉడికితే ఏమవుతుంది?"

"పొంగి పారుతుంది."

"చిక్కటి పిండి ఉడికితే?"

వదిన చేతి మీద పాత మచ్చ చూసుకుంది. "టప్పున పేలి చేతి మీద పడుతుంది."

"అంతే. లోపల గాలి ఉంటుంది. పల్చటిదైతే గాలి దారిన గాలి పోతుంది. చిక్కటిదైతే పోలేదు."

నాన్న అడిగాడు, "బాబూ, నువ్వు పుట్టింది ఏ కొండ మీద?"

"నేను కొండ మీద పుట్టలేదండీ. మాది మైదానం."

"అదీ సంగతి," అన్నాడు నాన్న.

హాలు హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన పటం చుట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. టీచరమ్మ దాన్ని మళ్ళీ గోడకి తగిలించింది.

ఫిబ్రవరి 20

మేత తక్కువ పడింది.

ఫిబ్రవరి 23

వాసన ఎక్కువగా ఉంది. కుళ్ళిన గుడ్డు వాసన. తడిగుడ్డ కట్టుకుని పాలు తీశారు. మా మచ్చావు తొలిచూలు, నెలలు నిండాయి. అన్న దాని పొట్ట మీద చెవి పెట్టి వింటాడు. "డాక్టరు కొండకి వింటున్నాడు, నేను దీనికి వింటున్నాను. ఎవరిది ముందవుతుందో" అన్నాడు.

పశువుల లారీలు ఈ వారం అన్నారు. పోయిన వారం కూడా ఈ వారమే అన్నారు.

ఫిబ్రవరి 26

టీచరమ్మ మాట వరసకి నన్ను అడిగింది, పైకి వెళ్ళడానికి భయం వెయ్యదా అని. వెయ్యదన్నాను. నిజానికి హాల్లో ఉండటమే కష్టం. అక్కడ నేను దారిలో పడుకునే మనిషిని. వ్యాను ఎక్కితే డ్రైవర్ని. ఆవిడకి ఇదంతా చెప్పలేదు.

మార్చి 2

పొగ ఆగింది.

పొద్దున లేచేసరికి ఆకాశం నీలంగా ఉంది. కొండ కొస కనిపించి ఎన్నాళ్ళైందో. కొస మీద నల్లగా ఒక గడ్డ లేచి ఉంది, సెగ్గడ్డలాగా. దానిపైన పొగ లేదు, ఏమీ లేదు. నేల కూడా వణకలేదు. జనం బయటికి వచ్చి నిలబడి చూశారు. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తెచ్చాం.

నాన్న చాలాసేపు చూశాడు. "అయిపోయింది. అప్పుడూ ఇంతే. ముందు పొగ ఆగింది, తర్వాత కొండ పడుకుంది" అన్నాడు.

ఆ మాట హాలంతా తిరిగింది. సాయంత్రానికి కొందరు తలుపులకి తాళ్ళు కట్టడం మొదలుపెట్టారు. వదిన కూడా గిన్నెలు కడిగి సంచిలో పెట్టింది.

మార్చి 3

పాల కేంద్రం ముందు వరసలో ఉన్నాను. ముందు చాలా బళ్ళు ఉన్నాయి. వ్యానులోనే కూర్చుని రాస్తున్నాను.

పొద్దున గేటు దగ్గర కాపలాదారు కర్ర ఎత్తబోతుంటే డాక్టరు గుడారంలోంచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయినట్టు లేడు. నన్ను దిగమని పక్కకి పిలిచాడు. పొగ ఆగడం మంచిది కాదట. చిక్కటిది గొంతులో గడ్డకట్టి నోరు మూసుకుందట. కొండ పక్కన నేల ఉబ్బుతోందట. "గేటు మూయమని పైకి రాశాను. ఇంకా ఆర్డరు రాలేదు. అది రాకుండా మిమ్మల్ని ఆపే అధికారం నాకు లేదు. ఇవాళ వెళ్ళకపోతే మంచిది" అన్నాడు.

వద్దనలేదు. వెళ్ళకపోతే మంచిది అన్నాడు. మంచిదని ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు. మూడు వారాల్నుంచి ఆయన మంచి చెప్తూనే ఉన్నాడు, కొండ మేం వెళ్ళిన ఏ రోజూ ఏమీ చెయ్యలేదు. నిన్నటిదాకా పొగ వస్తే ప్రమాదం అన్నాడు. ఇవాళ రాకపోతే ప్రమాదం అంటున్నాడు. వెనక మనుషులు మేత మీద ఎక్కి కూర్చున్నారు. పాలు తియ్యకపోతే ఆవుల పొదుగులు ఏమవ్వాలి. ఆర్డరే వచ్చి ఉంటే ఆగేవాణ్ణి. కాపలాదారు కర్ర ఎత్తాడు. పైకి వెళ్ళిపోయాను.

కొండ మీద ఎంత బాగుందో చెప్పలేను. గాలి శుభ్రంగా ఉంది. వాసన కూడా లేదు. ఎవరూ మూతికి గుడ్డ కట్టుకోలేదు. పక్కింటాయన పాడుతూ పాలు తీశాడు. ఆయన పాటకి ఆవు పాలు ఎగ్గొట్టింది.

మచ్చావుకి నొప్పులు మొదలయ్యాయి. అన్న ఉండిపోతానన్నాడు. "తొలిచూలు, అడ్డం తిరిగితే ఎవరు చూస్తారు? పొగ ఆగింది కదా. రేపు నువ్వొచ్చేసరికి ముగ్గురం ఉంటాం" అన్నాడు. మిగతా అందరూ దిగారు. అందర్నీ హాలు దగ్గర దింపి ఇటు వచ్చాను. వదినకి చెప్తే "అన్నం పంపకుండా ఎలా వదిలేసి వచ్చావు" అని కసిరింది. అక్కడ రొట్టె ఉందన్నాను. పాలకి కొదవ లేదు.

వరస కదిలింది.

మార్చి 4

అన్న రాలేదు.

మార్చి 5

గేటు మూసేశారు. ఇవాళ కాదు, ఆ రోజు మధ్యాహ్నమే ఆర్డరు వచ్చిందట. గేటు దగ్గరికి వెళ్ళాను. కాపలాదారు నా మొహం చూడలేదు.

మార్చి 7

ఆ రోజు, మూడో తేదీన, పాల కేంద్రం ముందు వరస కదిలింది. క్యాన్లు దింపడానికి వెనక్కి వెళ్ళాను. అప్పుడు అందరూ ఒకవైపే చూస్తున్నారు.

చప్పుడు లేదు. తర్వాత వచ్చిందన్నారు, నేను వినలేదు. కొస మీద గడ్డ లేదు. ఆ చోటునుంచి బూడిదరంగు మేఘం కిందికి వస్తోంది. మేఘం పైకి పోవాలి, ఇది కిందికి వస్తోంది. పారలేదు. నడవలేదు. నేలని కరుచుకుని దొర్లుకుంటూ వచ్చింది, వాగు దారి పట్టుకుని. ఏ బండీ అంత వేగంగా పోదు. క్యాను నా చేతిలోనే ఉంది. దింపి మూత సరిగ్గా పెట్టేసరికి మా ఊరున్న చోట ఊరు లేదు.

పాలాయన కొలత చూసి రసీదు ఇచ్చాడు. తీసుకున్నాను. అదొక్కటీ ఎందుకు గుర్తుందో.

తర్వాత చీకటైంది. పగలే లైట్లు వేసుకుని హాలుకి వచ్చాను. వదిన గుమ్మంలో ఉంది. వ్యాను ముందు సీటు చూసింది. అన్న ఉండిపోయాడని నేను ముందే చెప్పాను, అయినా చూసింది.

మార్చి 8

చెప్పినా ఉండేవాడే. మచ్చావుని వదిలి వచ్చే మనిషి కాదు.

మార్చి 9

చెప్పినా ఉండేవాడే.

మార్చి 10

వెతకడానికి పైకి వెళ్ళిన దళం తిరిగి వచ్చింది. బూట్ల అడుగులు కరిగిపోయాయి. అంత లోతు వెళ్ళలేకపోయాం, ఇంకా కాలుతోంది అన్నారు. ఊరు ఏ వైపు ఉండేదో చెప్పమని ఆకాశంలోంచి తీసిన ఫోటో చూపించి నన్ను అడిగారు. ఫోటోలో అంతా ఒకటే రంగు. వాగు వంపు చూసి, ఇక్కడ ఉండాలి అన్నాను. అది వాగు కాదు, గాలికి పడిన మడత అన్నారు.

వదిన పక్కన నిలబడి విన్నది. "ఏమైనా దొరికిందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"ఏదైనా? గుడ్డ ముక్కైనా?"

"లేదమ్మా."

"సరే," అంది. లోపలికి వెళ్ళి నాన్నకి మందు ఇచ్చింది.

మార్చి 11

కొండ డాక్టరు హాలుకి వచ్చాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా తలుపు పక్కన వచ్చి నిలబడ్డాడు. వదిన లేచి నిలబడింది.

"మీకు ముందే తెలుసా?" అంది.

"అనుమానం ఉంది. గేటు మూయమని పైకి రాశాను."

"పైకి రాస్తే పైవాళ్ళకి తెలుస్తుంది. కింద ఉన్నవాళ్ళం మేము. మాకెందుకు చెప్పలేదు?"

ఆయన నా వైపు చూశాడు. ఒక్క క్షణం. నేను దుప్పటి మడతపెడుతున్నాను. మడత విప్పి మళ్ళీ పెట్టాను.

"చెప్పాల్సిందమ్మా," అన్నాడు. "హాలుకి వచ్చి అందరికీ చెప్పాల్సింది. తప్పు నాదే."

పక్కింటాయన ఆయన్ని నానా మాటలూ అన్నాడు. జీతం తీసుకుని కొండకి కాపలా కాస్తున్నావా, చావులకి కాస్తున్నావా అన్నాడు. డాక్టరు నిలబడి అంతా విన్నాడు.

నేను బయటిదాకా సాగనంపాను. జీపు దగ్గర ఆగి, "ఆ రోజు నేనింకా గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు నాతో.

"అవును," అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో తెలియదు. ఆయన తల ఊపి జీపెక్కాడు.

మార్చి 13

నాన్న అన్నం ముట్టడం లేదు. గంజి కూడా రెండు గుక్కలు. ఇవాళ పక్కింటాయనతో అంటున్నాడు, నేను వింటున్నానని తెలియదు.

"నేను కదా అయిపోయిందన్నది. పొగ ఆగితే పడుకున్నట్టే అన్నాను. అది పిల్లకొండ మాట. పిల్లదాన్ని చూసి తల్లి సంగతి చెప్పాను. ఆ మాట పట్టుకునే నా పెద్దోడు ఉండిపోయాడు."

"నీ మాట మేమందరం విన్నాం బాబాయ్. వాడొక్కడే విన్నాడా?"

"మీరు దిగొచ్చారు కదా."

దానికి జవాబు నా దగ్గర ఉంది. రేపు చెప్తాను.

మార్చి 14

నాన్న నిద్రపోతున్నాడు. లేపడం ఎందుకని ఊరుకున్నాను.

మార్చి 15

టీచరమ్మ ఉంది. ఆవిడ ముందు ఎలా.

మార్చి 16

పశువుల లారీలు వచ్చాయి. బడి ముందు ఆగాయి. డ్రైవరు దిగి, ఎక్కించాల్సిన పశువులెక్కడ అని అడిగాడు. తర్వాత వాడే కొండ వైపు చూసి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మార్చి 17

ఆ రోజుది సగమే రాశాను. మిగతాది ఇప్పుడు రాస్తాను.

గేటు దాటాక అన్న అడిగాడు, "డాక్టరు నిన్ను పక్కకి పిలిచాడు, ఏంటి సంగతి?"

"టైర్లలో గాలి చూసుకోమన్నాడు" అన్నాను.

"ఆయనకి బండి గురించి కూడా తెలుసా?" అని నవ్వాడు. "అన్ని డాక్టరీలూ చేస్తాడే."

నేనూ నవ్వాను. అంతే జరిగింది. చెప్పి ఉంటే వ్యాను వెనక్కి తిప్పమనేవాడు అని కాదు. తిప్పమనేవాడేమో. వెనక ఇంతమంది ఉన్నారు. తిప్పితే, భయపడి తిప్పాడంటారు, రేపటినుంచి వ్యాను ఎందుకంటారు. హాల్లో కూర్చోవాలి. ఇవన్నీ అప్పుడు ఆలోచించానా అంటే లేదు. టైర్లు అన్న మాట దానంతటదే వచ్చింది.

పాకలో కూడా చెప్పొచ్చు. దిగి వచ్చేటప్పుడైనా చెప్పొచ్చు. మచ్చావు నొప్పులు పడుతోంది, అన్న చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. "వెళ్ళు వెళ్ళు, పాలు విరుగుతాయి" అన్నాడు. పాలు విరగవు, చల్లగానే ఉంది. వచ్చేశాను.

చెప్పినా ఉండేవాడే అని మళ్ళీ రాయబోయాను. రాయలేదు.

మార్చి 20

బడి వెనక కుళాయి దగ్గర వదిన దుప్పట్లు ఉతుకుతోంది. బూడిద ఎన్ని నీళ్ళు పోసినా పోవడం లేదు. పిండటానికి రెండో కొస నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను.

"వదినా, ఆ రోజు గేటు దగ్గర డాక్టరు నాకు చెప్పాడు."

ఆమె దుప్పటి తిప్పుతోంది. ఆపలేదు.

"ఏం చెప్పాడు?"

"పొగ ఆగడం మంచిది కాదని. వెళ్ళకపోతే మంచిదని."

"మీ అన్నకి చెప్పావా?"

"లేదు."

"ఆయన అడగలేదా?"

"అడిగాడు. టైర్ల గురించి అన్నాడని చెప్పాను."

నీళ్ళు కారడం ఆగిపోయింది. ఆమె ఇంకా తిప్పుతూనే ఉంది. నా వైపు కొస చేతిలో బిగుసుకుపోయి వేళ్ళు తెల్లబడ్డాయి. నేను వదల్లేదు.

"చెప్పి ఉంటే ఆగేవాడంటావా?" అన్నాను. ఆమెని అడగాల్సిన మాట కాదు.

"ఆగేవాడేమో. ఆగేవాడు కాదేమో. ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియకుండా చేశావు."

అరవలేదు. ఏడవలేదు. దుప్పటి తీగ మీద వేసి కొసలు సరిచేసింది. నేను నాన్నకి కూడా చెప్తానన్నాను. తన మాట వల్లే అనుకుంటున్నాడు, తిండి మానేశాడు, చెప్తే కాస్త తేలికపడతాడు అన్నాను.

"ఎవరు?" అంది.

"నాన్న."

"నువ్వు తేలికపడతావు." రెండో దుప్పటి బకెట్లోంచి తీసింది. "మామయ్యకి ఇద్దరు కొడుకులు. ఒకణ్ణి కొండ తీసుకుంది. రెండోవాడు ఎలాంటివాడో నువ్వు చెప్పి, ఆ ఒక్కణ్ణీ కూడా తీసేస్తావా? ఆయనకి ఇంక ఎవరున్నారు? తన మాట వల్ల పోయాడనుకుంటే కనీసం నువ్వు మిగులుతావు."

"అలాగే చచ్చిపోతాడు వదినా."

"అలాగైనా ఒకడు ఉన్నాడనుకుని పోతాడు."

ఆమె ఆ దుప్పటిని కుళాయి కింద జాడించింది.

"నాకు చెప్పావు. ఇక ఎవరికీ చెప్పొద్దు. నాతో కూడా మళ్ళీ అనొద్దు," అంది. దుప్పటి విదిలించి, "కొస పట్టుకో."

పట్టుకున్నాను.

మార్చి 21

వదిన మాట్లాడుతోంది. ఉప్పు ఉందా, మందు అయిపోయింది, నాన్నని లేపు. ఎప్పటిలాగే.

మార్చి 25

నాన్న ఇవాళ తనంతట తానే పిలిచాడు. ఇన్నాళ్ళకి గొంతు కాస్త పెగిలింది. వదిన పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఒరేయ్, ఆ డాక్టరు కుర్రాడు మంచివాడే. రోజూ గేటు దగ్గరే ఉంటాడు కదా. ఆ రోజు మీరు వెళ్తుంటే ఏమీ అనలేదా?"

వదిన చేతులు ఆగాయి. తల ఎత్తలేదు.

"లేదు నాన్నా," అన్నాను.

"ఏదో ఒకటి అని ఉంటాడు. గుర్తు తెచ్చుకో. జాగ్రత్తనో, తొందరగా రమ్మనో. పెద్దోడికి ఎవరైనా ఏదైనా చెప్పి ఉంటే, వాడే మొండికేసి ఉండిపోయాడనుకుంటాను. వాడి మొండితనం నాకు తెలుసు. అది తట్టుకోగలను."

నాన్న నా మొహంలోకి చూస్తున్నాడు. ఆయన కళ్ళు బూడిదకి ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. ఔననమని అడుగుతున్నాడు. ఒక్క మాట. అది నిజం కూడా.

వదిన చేట కొద్దిగా కదిలించింది.

"ఎవరూ ఏమీ అనలేదు నాన్నా."

"ఒక్క మాట కూడానా?"

"లేదు."

"అయితే నా మాట మీదే ఉన్నాడు," అన్నాడు నాన్న. గోడ వైపు తిరిగాడు.

వదిన లేచి ఆయనకి దుప్పటి కప్పింది. గంజి కలిపి తెచ్చి పక్కన కూర్చుంది. ఆయన తలకాయ అడ్డంగా ఊపాడు. ఆమె బలవంతం చెయ్యలేదు. గిన్నె మూతపెట్టి పక్కన పెట్టింది.

తర్వాత నాకు అన్నం పెట్టింది. తిన్నాను.